బర్మింగ్‌హామ్ నల్లజాతి పెద్దలు: బెయిలు డబ్బు ఎవరిది, వకాల్తా ఎవరిది?

మన విద్యార్థి సంఘాల సభల్లో అమెరికా నల్లజాతి పోరాటాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా బర్మింగ్‌హామ్ పేరు వినబడుతుంది. బడిపిల్లల మీదికి వదిలిన పోలీసు కుక్కలు, నీటి ఫిరంగులు, 1963 ఏప్రిల్‌లో జైలు నుంచి మార్టిన్ లూథర్ కింగ్ రాసిన లేఖ మనకు తెలుసు. కానీ ఆ ఉద్యమకారులు ఏ గదుల్లో తలదాచుకున్నారు? బెయిలు డబ్బు ఎవరు కట్టారు? కోర్టులో వాళ్ల తరఫున ఎవరు నిలబడ్డారు? ఈ ప్రశ్నలు మనం పెద్దగా వేసుకోం.

అందుకే ఆ నగరానికి చెందిన కొందరు నల్లజాతి వ్యాపారులను, న్యాయవాదులను ఇక్కడ పరిచయం చేస్తున్నాం. వీళ్లందరూ మచ్చలేని వీరులని చెప్పడం మా ఉద్దేశం కాదు. వీళ్లలో ఉద్యమానికి అడ్డుపడినవాళ్లూ ఉన్నారు, అదే ఉద్యమాన్ని నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. ఒక్కోసారి ఆ రెండు పనులూ చేసింది ఒకే మనిషి. దళిత పారిశ్రామికవేత్తల గురించి, దళిత న్యాయవాదుల గురించి చర్చ జోరుగా సాగుతున్న ఈ రోజుల్లో ఆ అనుభవం మనకు పనికొస్తుందని మా నమ్మకం.

నగరం

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ 1871లో పుట్టింది. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ దగ్గరదగ్గరగా దొరకడంతో ఉక్కు నగరంగా శరవేగంగా ఎదిగింది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్లు, వాళ్ల పిల్లలు గనుల్లో, కొలుముల్లో పనికి వచ్చారు. 1960 నాటికి నగర జనాభా సుమారు 3 లక్షల 40 వేలు. అందులో దాదాపు 40 శాతం నల్లవాళ్లే.

ఊరు ఒకటే అయినా బతుకులు రెండు. బడి వేరు, బస్సులో సీటు వేరు, మంచినీళ్ల కుళాయి వేరు, శ్మశానం వేరు. నల్లవాళ్లు ఏ వీధిలో ఇల్లు కట్టుకోవచ్చో, ఏ వీధిలో కట్టుకోకూడదో 1926 నుంచి నగర చట్టమే నిర్ణయించింది. ఊరిని, వాడను విడగొట్టే గీతను మన దగ్గర ఆచారం గీసింది. అక్కడ మున్సిపాలిటీ కాగితం మీద గీసింది. ఆ గీత దాటిన ఇళ్ల కింద డైనమైట్ పేలింది. 1940ల చివర నుంచి 1960ల మధ్య దాకా అక్కడ సుమారు 50 పేలుళ్లు జరిగాయి. అందుకే ఆ ఊరికి ‘బాంబింగ్‌హామ్’ అని, స్మిత్‌ఫీల్డ్ ప్రాంతంలోని సెంటర్ స్ట్రీట్ గుట్టకు ‘డైనమైట్ హిల్’ అని పేర్లు వచ్చాయి.

తెల్లవాళ్ల దుకాణాల్లో గౌరవం లేకపోవడంతో నల్లవాళ్ల వ్యాపారాలన్నీ ఫోర్త్ అవెన్యూ చుట్టూ చేరాయి. క్షౌరశాలలు, హోటళ్లు, సినిమా హాళ్లు, డాక్టర్ల, లాయర్ల గదులు అక్కడే వెలిశాయి. వెలివేతలోంచే ఒక అంగడి పుట్టింది. మేం చెప్పబోయే మనుషులు ఆ అంగడి మనుషులే.

విలియం పెటిఫోర్డ్ (1847–1914): పైసాపైసా పోగేసిన బ్యాంకు

పెటిఫోర్డ్ పాస్టరు. 1883లో సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి బాధ్యతలు తీసుకున్నారు. కూలి డబ్బులు చేతికి రాగానే ఖర్చైపోవడం, దాచుకుందామంటే తెల్లవాళ్ల బ్యాంకుల్లో మర్యాద దక్కకపోవడం ఆయన చూశారు. 1890లో అలబామా పెన్నీ సేవింగ్స్ బ్యాంకును స్థాపించారు. పేరుకు తగ్గట్టే అది చిన్న మొత్తాల బ్యాంకు. నల్లవాళ్లు సొంత ఇళ్లు కట్టుకోవడానికి, చిన్న వ్యాపారాలు పెట్టుకోవడానికి అప్పులిచ్చింది. 1893 ఆర్థిక సంక్షోభంలో పెద్దపెద్ద బ్యాంకులు కూలినా ఇది నిలబడింది.

1913లో బ్యాంకుకు సొంత భవనం ఏర్పడింది. దాన్ని గీసిన వాస్తుశిల్పి వాలెస్ రేఫీల్డ్, కట్టిన విండ్‌హామ్ సంస్థ ఇద్దరూ నల్లవాళ్లే. మరుసటి ఏడాది పెటిఫోర్డ్ చనిపోయారు. 1915లో బ్యాంకు మూతపడింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా ఆ నగరంలో నల్లవాళ్ల చేతుల్లో ఒక్క ఆర్థిక సంస్థా లేదు. సంస్థ కట్టడం ఎంత కష్టమో, పోగొట్టుకుంటే తిరిగి కట్టడానికి ఎన్ని తరాలు పడుతుందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

ఆర్థర్ జార్జ్ గాస్టన్ (1892–1996): చావు చందాతో మొదలైన సంపద

గాస్టన్ అలబామాలోని డెమోపోలిస్‌లో పుట్టారు. ఆయన తాత ఒకనాటి బానిస. తల్లి రోజా ఒక తెల్ల వ్యాపారి ఇంట్లో వంట చేసేది. గాస్టన్ పదో తరగతి దాకా చదివి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసి తిరిగొచ్చి, బర్మింగ్‌హామ్ పక్కనే ఉన్న గనుల కంపెనీలో కూలికి చేరారు.

తల్లి వండిచ్చిన భోజనం చూసి తోటి కూలీలు ఆశపడితే, ఆ క్యారేజీలనే అమ్మడం మొదలుపెట్టారు. తర్వాత వేరుశెనగలు, పాప్‌కార్న్ అమ్మారు. జీతం ముందే అయిపోయిన కూలీలకు వడ్డీకి డబ్బు తిప్పారు. ఆ వడ్డీ తక్కువేమీ కాదు, డాలరుకు పావు డాలరు. ఇది కూడా చెప్పుకోవాల్సిందే.

మనిషి చనిపోతే పాతిపెట్టడానికి డబ్బుల్లేక కుటుంబాలు చందాలు అడుక్కోవడం ఆయన గనుల దగ్గర చూశారు. 1923లో అంత్యక్రియల సంఘం పెట్టారు. వారం వారం చిన్న చందా కడితే, చావు వచ్చినప్పుడు ఖర్చు సంఘం చూసుకుంటుంది. అదే 1932లో బుకర్ టి. వాషింగ్టన్ ఇన్సూరెన్స్ కంపెనీ అయింది. జనానికి ఏది లేదో చూసి అది సమకూర్చడమే వ్యాపారమని ఆయన సూత్రం. తర్వాతివన్నీ ఆ దారిలోనే వచ్చాయి. మామ ఎ.ఎల్. స్మిత్‌తో కలిసి అంత్యక్రియల సంస్థ నడిపారు. కంపెనీకి గుమాస్తాలు, టైపిస్టులు దొరక్కపోతే 1939లో సొంతంగా బిజినెస్ కాలేజీ పెట్టారు. దాన్ని ఆయన భార్య మిన్నీ గార్డ్‌నర్ గాస్టన్ చాలా ఏళ్లు నడిపారు. శీతల పానీయాల కంపెనీ పెట్టి నష్టపోయారు కూడా. 1954లో గాస్టన్ మోటెల్ తెరిచారు. నల్ల ప్రయాణికులకు ఆ నగరంలో మర్యాదగా బస దొరకని కాలమది. 1957లో సిటిజన్స్ ఫెడరల్ సేవింగ్స్ అండ్ లోన్ ప్రారంభించి, ఇళ్ల కోసం అప్పులిచ్చారు. పెన్నీ బ్యాంకు వదిలిపోయిన ఖాళీ అప్పటికి నిండింది.

ఆయన పోరాట పద్ధతి వీధిలోది కాదు. తాను డబ్బు దాచుకున్న ఒక తెల్లవాళ్ల బ్యాంకులో మంచినీళ్ల కుళాయి మీద ‘తెల్లవారికి మాత్రమే’ అన్న బోర్డు ఉండేది. బోర్డు తీయకపోతే ఖాతా మూసేస్తానని కబురంపారు. బోర్డు పోయింది. ఒక బోర్డుకు ఆ పద్ధతి సరిపోయింది. నగరమంతా ఉన్న బోర్డులకు సరిపోలేదు.

ఆర్థర్ డేవిస్ షోర్స్ (1904–1996): ఒంటరి వకీలు

షోర్స్ టల్లడేగా కాలేజీలో చదివి బడి ప్రిన్సిపాల్ అయ్యారు. ఉద్యోగం చేస్తూనే దూరవిద్య ద్వారా లా చదివి 1937లో అలబామా బార్‌లో చేరారు. కొన్నేళ్ల పాటు ఆ రాష్ట్రంలో పూర్తికాలం ప్రాక్టీసు చేసిన నల్లజాతి లాయరు దాదాపు ఆయనొక్కరే. ఆయన కేసుల వరస చూస్తే నల్లవాళ్ల మీద ఉన్న ఆంక్షల పట్టిక మొత్తం కనబడుతుంది.

ఓటు: 1939లో, ఓటరుగా నమోదు చేసుకోని అధికారుల మీద ఏడుగురు నల్లజాతి టీచర్ల తరఫున దావా వేశారు.

ఉపాధి: బెస్టర్ విలియం స్టీల్ రైలింజన్లలో ఫైర్‌మన్. తెల్లవాళ్ల యూనియన్ నల్లవాళ్లను చేర్చుకోదు. కానీ అందరి తరఫున బేరసారాల హక్కు మాత్రం దానిదే. ఆ హక్కుతోనే నల్లవాళ్ల ఉద్యోగాలకు ఎసరు పెట్టింది. అలబామా కోర్టుల్లో ఓడిన ఈ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ వాదించారు. కార్మికులందరి పేరిట మాట్లాడే యూనియన్ జాతి వివక్ష లేకుండా అందరికీ న్యాయంగా ప్రాతినిధ్యం వహించాల్సిందేనని 1944 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. అమెరికా కార్మిక చట్టంలో ఇది ఇప్పటికీ మూలసూత్రం.

ఇల్లు: జాతిని బట్టి వీధులు పంచే చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1917లోనే చెప్పింది. బర్మింగ్‌హామ్ ఖాతరు చేయలేదు. మేరీ మంక్ అనే మహిళ తరఫున షోర్స్, పీటర్ హాల్, థర్‌గుడ్ మార్షల్ కోర్టుకెక్కారు. 1950 డిసెంబరులో అప్పీలు కోర్టులోనూ గెలిచారు. ఆ నెలలోనే ఆమె ఇంటిని పేల్చేశారు. కోర్టులో గెలిచిన హక్కును ఊరిలో అనుభవించడం ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

చదువు: ఆథరిన్ లూసీ 1952లో అలబామా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకున్నారు. షోర్స్, మార్షల్, కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఆమె తరఫున పోరాడి గెలిచారు. 1956 ఫిబ్రవరిలో ఆమె తరగతిలో అడుగుపెట్టారు. మూడు రోజులకే అల్లరిమూక క్యాంపస్‌ను ముట్టడించింది. విశ్వవిద్యాలయం మూకను కాకుండా ఆమెను బయటికి పంపింది. ఆ బహిష్కరణ రద్దయింది 1988లో. ఆమె 1992లో అక్కడే మాస్టర్స్ పట్టా పుచ్చుకున్నారు.

షోర్స్ ఇల్లు కూడా డైనమైట్ హిల్ మీదే ఉండేది. 1963 ఆగస్టు 20న ఒకసారి, సెప్టెంబరు 4న మరోసారి పేల్చారు. రెండోసారి ఆయన భార్య థియోడోరా గాయపడ్డారు. 1968లో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్‌లో చేరిన తొలి నల్లజాతి సభ్యుడు ఆయనే.

మరికొందరు

పీటర్ హాల్, ఓర్జెల్ బిల్లింగ్స్‌లీ జ్యూరీల నుంచి నల్లవాళ్లను ఏరివేయడాన్ని సవాలు చేసిన లాయర్లు. స్వెయిన్ కేసు 1965లో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. 1986లో బాట్సన్ కేసులో అదే కోర్టు తన పాత వైఖరి మార్చుకుంది. ఓడిన కేసు కూడా తర్వాతి గెలుపుకు మెట్టు అవుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఆస్కార్ ఆడమ్స్ జూనియర్ హోవర్డ్ విశ్వవిద్యాలయంలో లా చదివి బర్మింగ్‌హామ్‌లో ప్రాక్టీసు చేశారు. 1980లో అలబామా సుప్రీంకోర్టు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు.

యు.డబ్ల్యు. క్లెమన్ స్థానిక మైల్స్ కాలేజీ విద్యార్థి. తర్వాత లాయరై, 1980లో అలబామాలో తొలి నల్లజాతి ఫెడరల్ జడ్జి అయ్యారు.

జేమ్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పెద్ద వ్యాపారి కాదు, సొంత క్షౌరశాల ఉన్న మంగలి. తన పిల్లలను తెల్లవాళ్ల బడిలో చేర్చుకోవాలని నగర విద్యాబోర్డు మీద దావా వేశారు. 1963 సెప్టెంబరులో ఆయన కొడుకులు ఇద్దరూ ఆ బడి మెట్లెక్కారు. ఆయన కుర్చీలో కూర్చునేది నల్లవాళ్లే. దావా వేశాడని ఉద్యోగం ఊడగొట్టే యజమాని ఆయనకు లేడు. ఆర్థిక స్వతంత్రం అంటే కోట్లు కాదు, ఇదే.

1963: పరీక్ష

1962లో మైల్స్ కాలేజీ విద్యార్థులు నగరం నడిబొడ్డున ఉన్న దుకాణాలను బహిష్కరించారు. మరుసటి ఏడాది ఈస్టర్ అమ్మకాల కాలంలో అదే ఆయుధం ఇంకా పదునెక్కింది. కింగ్, ఆయన సహచరులు గాస్టన్ మోటెల్‌లో దిగారు. 30వ నంబరు గది ఉద్యమ కార్యాలయంగా మారింది. కోర్టు నిషేధాన్ని ధిక్కరించి అరెస్టు కావాలని ఏప్రిల్ 12న కింగ్ నిర్ణయించుకున్నది ఆ గదిలోనే.

అయితే ఆ మోటెల్ యజమాని ఆ పోరాటానికి పూర్తిగా మద్దతివ్వలేదు. కొత్త నగర పాలకులకు కొంత సమయం ఇవ్వాలని, పిల్లలను వీధుల్లోకి దింపొద్దని గాస్టన్ వాదించారు. ఆయన తెల్లవాళ్లకు అమ్ముడుపోయాడని యువకులు తిట్టారు. 1956 నుంచి ప్రాణాలకు తెగించి ఉద్యమం నడుపుతున్న పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్‌కు, ఇలాంటి పెద్దమనుషులకు ఎప్పుడూ పొసగలేదు. షటిల్స్‌వర్త్ వెంట నడిచింది ఎక్కువగా కూలీలు, ఇళ్లలో పనిచేసే మహిళలు.

మే 3న గాస్టన్ తన ఆఫీసులో ఫోన్ పట్టుకుని, చర్చల్లో ఉన్న తెల్ల లాయరు డేవిడ్ వాన్‌తో మాట్లాడుతున్నారు. కిటికీలోంచి పార్కు కనబడుతోంది. నీటి ఫిరంగి ధాటికి ఒక చిన్న పాప నేల మీద దొర్లిపోవడం చూసి ఆయన ఫోన్ పెట్టేశారు. మే 8న చర్చలు కొలిక్కి వస్తుండగా కోర్టు బెయిలు మొత్తం పెంచి కింగ్‌ను, రాల్ఫ్ అబర్నాతీని మళ్లీ జైలుకు పంపింది. ఒక్కొక్కరికి 2,500 డాలర్లు. ఆ 5,000 గాస్టన్ కట్టారు. మే 10న ఒప్పందం ప్రకటించారు. దుకాణాల్లో భోజన బల్లలు, కుళాయిలు అందరికీ తెరవాలి, నల్లవాళ్లకు ఉద్యోగాలివ్వాలి. నల్లవాళ్ల తరఫున చర్చల్లో కూర్చున్నవాళ్లలో షోర్స్ ఒకరు.

మరునాటి రాత్రి గాస్టన్ మోటెల్ మీద బాంబు పడింది. సెప్టెంబరులో ఆయన ఇంటి మీద నిప్పు బాంబులు విసిరారు. సెప్టెంబరు 15న పెటిఫోర్డ్ ఒకప్పుడు నడిపిన చర్చిలోనే నలుగురు బాలికలను బాంబు బలితీసుకుంది. మితవాది ఇల్లా, ఉద్యమకారుడి ఇల్లా అని బాంబు వేసేవాడు తేడా చూడలేదు. జాతి మెట్టు మీద డబ్బున్నవాడి స్థానం కూడా అదే.

గాస్టన్ 1987లో తన బీమా కంపెనీని మార్కెట్ విలువ కన్నా చాలా తక్కువకు, 34 లక్షల డాలర్లకు, తన ఉద్యోగులకే అమ్మేశారు. 103 ఏళ్లు బతికి 1996 జనవరిలో చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో షోర్స్ కన్నుమూశారు. 2017లో గాస్టన్ మోటెల్ జాతీయ స్మారకంలో భాగమైంది.

మనం అడగాల్సిన ప్రశ్నలు

నల్లవాళ్ల పరిస్థితికి, అంటరానివాళ్ల పరిస్థితికి ఉన్న పోలికను 1946లోనే డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు రాసిన ఉత్తరంలో అంబేడ్కర్ ప్రస్తావించారు. ఆ పోలికను గుడ్డిగా సాగదీయకూడదు. బర్మింగ్‌హామ్‌లో వెలివేత నల్లవాళ్లకు ఒక సొంత అంగడిని మిగిల్చింది. మన పల్లెల్లో దళితుడి చేతి నీళ్లే తాగనప్పుడు హోటల్ పెట్టినా సాగేదెలా? అక్కడ నల్లవాళ్లు దుకాణాలను బహిష్కరిస్తే, ఇక్కడ ఊరే వాడను బహిష్కరిస్తుంది. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపాక బతికినవాళ్లు చీరాలకు తరలిపోవాల్సి వచ్చింది. భూమి, పని, కూలి అన్నీ దాడి చేసినవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి మరి.

ఆ రోజుల్లో హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచారు. చుండూరు కేసును 1991 నుంచి వెంటాడినవాళ్లు ఆ ఊరిలోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. షోర్స్ కేసుల్లాగే మన కేసులకూ గెలుపుతో ముగింపు లేదు.

వ్యాపారం సంగతికొస్తే, 2005లో పుణె కేంద్రంగా దళిత పారిశ్రామిక సంఘం డిక్కీ ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమలకు 4 శాతం వాటా 2012 నుంచి అమల్లో ఉంది. మంచిదే. కానీ ‘దళిత కోటీశ్వరుడు’ అని పత్రికలో ఫొటో పడగానే సంబరపడితే చాలదు. ఆయన సంస్థలో మనవాళ్లకు పని దొరుకుతోందా? వాడలో దాడి జరిగిన రాత్రి ఆయన ఫోన్ ఎత్తుతారా? తిడుతూనే అయినా ఆయన తలుపు తట్టే చొరవ మన ఉద్యమాలకు ఉందా? బర్మింగ్‌హామ్ యువకులు గాస్టన్‌ను తిట్టారు, ఆయన గదుల్లోనే ఉండి పోరాడారు.

న్యాయవాదుల విషయంలో మన చేతిలో ఒక అస్త్రం ఉంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల్లో 4(5) ప్రకారం, బాధితులు కోరితే ప్రత్యేక కోర్టులో కేసు నడిపేందుకు పేరున్న సీనియర్ న్యాయవాదిని జిల్లా మేజిస్ట్రేటు నియమించవచ్చు. ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. ఆ నియమం ఉందని చాలామంది బాధితులకు ఎవరూ చెప్పరు. లా చదువుతున్న మిత్రులు ఈ వ్యాసం ముగించాక చేయగలిగిన మొదటి పని, తమ జిల్లాలో నడుస్తున్న అట్రాసిటీ కేసుల బాధితులకు ఆ సంగతి చెప్పి, దరఖాస్తు రాసిపెట్టడం.